చెనిక్కాయ మొదలు కుళ్ళకుండా సూడోమోనాస్ వాడడం ఎలా

సూడోమోనాస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా పొడి ప్యాకెట్ తెచ్చి వాడి, "ఏం పని చేయలేదన్నా, ఉత్త సుద్దపొడి" అని పక్కన పడేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మొదటి ఏడు నేనూ అదే మాట అన్నాను. చేలో మొదళ్ల దగ్గర తెల్లబూజు కనపడ్డాక పరుగెత్తి ఒక దుకాణంలో కొన్నాను, అదేమో ఎండ నేరుగా పడే అద్దాల బీరువాలో ఎన్నాళ్లుగా ఉందో తెలియని ప్యాకెట్, పైగా రెండు రోజుల ముందే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు పోసిన మొదళ్లలోనే దీన్నీ కలిపి పోశాను. ఒకే రోజు మూడు తప్పులు. ఇందులో బ్యాక్టీరియా తప్పు ఒక్కటీ లేదు.

దీన్ని మందు అనుకోకండి, పెరుగు తోడు అనుకోండి. తోడు బతికి ఉండాలి, పాలు గోరువెచ్చగా ఉండాలి, వేయాల్సిన వేళకు వేయాలి. కాగే పాలలో వేస్తే తోడుకోదు, విరిగిపోయిన పాలలో వేసినా లాభం లేదు. కింద చెప్పేదంతా ఈ మూడింటి చుట్టే తిరుగుతుంది. నేను చెప్పేది వేరుశనగ గురించి, అంటే మా వైపు చెనిక్కాయ, తెలంగాణలో పల్లికాయ. వరి, మిరప వాళ్లకి కూడా చివర్లో కొంచెం రాశాను.

ముందు అది ఏ కుళ్ళో తేల్చుకోండి

మొక్క చచ్చిందంటే కుళ్ళు తెగులు అనేస్తాం కానీ వేరుశనగలో కుళ్ళు అనే పేరుతో కనీసం మూడు జబ్బులున్నాయి. మొలిచిన నెల లోపు మొక్క ఉన్నట్టుండి వాలిపోయి, పీకి చూస్తే మొదలు దగ్గర మసి పూసినట్టు నల్లటి పొడి కనిపిస్తే అది ఆస్పర్జిల్లస్ నైగర్ వల్ల వచ్చే మొదలు కుళ్ళు. ఇసుక నేలల్లో, వానలు ముఖం చాటేసి ఎండ మండే జూన్, జులైలలో ఇది ఎక్కువ. 50, 60 రోజులు దాటి చేను కమ్ముకున్నాక, నేలను ఆనుకుని ఉన్న కాండం మీద తెల్లటి దారాల్లా బూజు అల్లుకుని, దాంట్లో ఆవగింజల్లాంటి ఉండలు కనిపిస్తే అది స్క్లెరోషియం రోల్ఫ్సి, కాండం కుళ్ళు. ఆ ఆవగింజలే అసలు తలనొప్పి, నేలలో ఏళ్ల తరబడి చావకుండా పడి ఉంటాయి.

మూడోది వైరస్. కాండం కుళ్ళు వైరస్ తెగులు అని దాన్నీ అదే పేరుతో పిలుస్తారు కాబట్టి చాలామంది పొరబడతారు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో లేత చెనిక్కాయ చేలను తుడిచిపెట్టింది ఈ వైరసే. వయ్యారిభామ పుప్పొడి ద్వారా, తామర పురుగుల ద్వారా వస్తుంది. దీనిలో కుళ్ళు చిగురు వైపు నుంచి కిందికి దిగుతుంది, లేత ఆకుల మీద ఎండు మచ్చలు పడతాయి, మొదట్లో తెల్లబూజు గానీ నల్లపొడి గానీ ఉండదు. దీనికి సూడోమోనాస్ పోసి డబ్బులు తగలేయకండి, గట్ల మీద వయ్యారిభామ పీకించుకోండి.

మొక్కను పీకి, వేర్లకు అంటిన మట్టితో సహా కవర్లో పెట్టుకుని దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపిస్తే మరీ మంచిది. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గరున్నవాళ్లకి ఇంకా సులువు.

ఇది చేసే పని ఏమిటి

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనేది మామూలుగా మన మట్టిలో, వేర్ల చుట్టూ ఉండే బ్యాక్టీరియానే. శిలీంధ్రం బతకాలంటే ఇనుము కావాలి, మట్టిలో ఇనుము ఉన్నా కరిగి అందుబాటులో ఉండేది తక్కువ, ఆ కాస్తనీ ఇది సిడెరోఫోర్లు అనే పదార్థాలు వదిలి ముందే పట్టేసుకుంటుంది. 1980లో అమెరికాలో క్లోపర్, ష్రాత్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల తోటివాళ్లు కలిసి ఈ సంగతి చూపించారు. దీనికి తోడు కొన్ని యాంటీబయాటిక్ పదార్థాలు వదులుతుంది, మొక్క తన రక్షణ తాను పెంచుకునేలా లోపలి నుంచి తట్టి లేపుతుంది.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఒక్కటే. ఇదంతా జరగాలంటే శిలీంధ్రం కంటే ముందే ఇది వేరు మీద కూర్చుని ఉండాలి. బస్సులో సీటు మీద తువ్వాలు వేసుకున్నట్టు. కాండం సగం కుళ్ళిన మొక్కను ఇది బతికించలేదు, అలా బతికిస్తుందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి.

కొనేటప్పుడు

ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. బ్యాక్టీరియా పేరు, కేంద్ర పురుగుమందుల బోర్డు (సీఐబీ) రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, గ్రాముకు ఎన్ని బతికిన కణాలు అనే లెక్క, ఇవన్నీ ఉండాలి. ఆ లెక్క సీఎఫ్‌యూ అని ఉంటుంది, కనీసం 1 × 10⁸, అంటే గ్రాముకు 10 కోట్లు. ఆ అంకె లేకుండా "బయో", "ఆర్గానిక్ పవర్" అని పెద్ద బొమ్మలేసి ఉన్న డబ్బాలు చాలా తిరుగుతున్నాయి, వాటి జోలికి పోవద్దు. గడువు ఇంకా ఏడాది ఉంది కదా అని కాదు, తయారై మూడు నాలుగు నెలల లోపుదే అడిగి తీసుకోండి, ఎందుకంటే సూడోమోనాస్‌కి విత్తనానికి ఉన్నట్టు గట్టి గుల్ల ఉండదు, పొడిలో ఉండగానే నెల నెలకీ సంఖ్య పడిపోతుంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డులో పెట్టిన సరుకు అయితే ఇక చెప్పక్కర్లేదు.

మీ ఊరికి తాజా సరుకు రాదనుకుంటే బాసిల్లస్ సబ్టిలిస్ అడగండి. అదీ శిలీంధ్రాల మీద పనిచేసే బ్యాక్టీరియానే, కానీ అది గట్టి గుల్ల కట్టుకుని వేడిని, ఎండును తట్టుకుంటుంది, నిల్వకు సూడోమోనాస్ కంటే ఎంతో మేలు. పేరు సగం ఒకేలా ఉందని బాసిల్లస్ తురింజియెన్సిస్ అంటగడితే తీసుకోకండి, బీటీ అనేది అదే, అది పురుగులకి. అలాగే ట్రైకోడెర్మా బ్యాక్టీరియా కాదు, అది శిలీంధ్రం, మంచి శిలీంధ్రం. దుకాణాల్లో ఇవన్నీ ఒకే అరలో ఉంటాయి, అడిగింది ఒకటి ఇచ్చింది ఒకటి అవుతుంది.

బతికుందో లేదో ఇంట్లోనే తేల్చుకునే నమ్మకమైన పద్ధతి లేదు. వాసన చూసి, నీళ్లలో వేసి చెప్పేవన్నీ ఊహలే. ల్యాబ్‌లో ప్లేటు మీద పెంచితేనే తేలుతుంది. అందుకే తేదీ, నిల్వ, ఈ రెండిట్లో రాజీపడొద్దు. కొన్నాక ఇంట్లో కూడా నీడలో, చల్లగా ఉండే గది మూల పెట్టండి, ట్రాక్టర్ టూల్‌బాక్స్‌లో కాదు.

ఎకరానికి ఎంత కావాలంటే, విత్తనం గింజలు 60 కిలోలు అనుకుంటే కిలోకి 10 గ్రాముల చొప్పున 600 గ్రాములు, ఎరువులో కలపడానికి 2 కిలోలు, నెల తర్వాత మరో కిలో. మొత్తం 3 కిలోల 600 గ్రాములు, దాదాపు నాలుగు కిలోలు అనుకోండి. చివరి కిలో ఇప్పుడే కొనిపెట్టుకోవద్దు, అప్పుడు తాజాగా తెచ్చుకోండి. ప్యాకెట్ మీద వేరే మోతాదు రాసి ఉంటే దాన్నే పాటించండి, ద్రవ రూపంలో వచ్చేవాటికి లెక్క వేరు.

విత్తడానికి రెండు వారాల ముందు: ఎరువులో పట్టించడం

నా వరకు అన్నిటికంటే ఫలితం ఇచ్చేది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే.

బాగా మాగిన దిబ్బ ఎరువు 100 కిలోలు చెట్టు నీడన గానీ కొట్టంలో గానీ పరవండి. మాగిన అంటే నిజంగా మాగినది, చేయి లోపలికి పెడితే చల్లగా, మట్టి వాసన రావాలి. పచ్చి పేడ కుప్ప లోపల వేడి చేయి పెట్టలేనంత ఉంటుంది, అందులో వేస్తే సూడోమోనాస్ ఉడికిపోతుంది, అది చాలక సగం కుళ్ళిన చెత్తే స్క్లెరోషియంకి ఇష్టమైన తిండి, అంటే మనమే శత్రువుకి భోజనం పెట్టినట్టు. దాంట్లో 10 కిలోల వేపపిండి, 2 కిలోల సూడోమోనాస్ పొడి చల్లి, నీళ్లు చిలకరిస్తూ పారతో రెండు మూడుసార్లు తిరగేయండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి కానీ వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, అంత తడి చాలు. జానెడు ఎత్తు చేసి తడి గోనెపట్టాలు కప్పండి. మూడు రోజులకోసారి తిరగేసి, ఆరితే మళ్లీ చిలకరించండి. 7 నుంచి 10 రోజులు ఉంచితే సరిపోతుంది.

ట్రైకోడెర్మా చేసినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, పచ్చటి పూత వచ్చిందా అని చూస్తారు. దీనికి ఏ పూతా రాదు. కంటికి ఏమీ కనిపించదు, టెన్షన్ పడొద్దు. కంపు కొడితే మాత్రం తడి ఎక్కువైందని అర్థం, పలుచగా పరిచి ఆరబెట్టండి.

చేనులో పదును ఉన్నప్పుడే, సాయంత్రం పూట, ఆఖరి దుక్కికి ముందు చల్లి వెంటనే కలియదున్నండి. ఎండిన నేల మీద మిట్టమధ్యాహ్నం చల్లితే పడ్డ కష్టమంతా బూడిదే. వాన పడి పదును వచ్చిన రోజు అదను పోతుందేమో అని అందరూ విత్తనం మీదే పడతారు, నాకూ తెలుసు, అందుకే ఎరువు ముందే సిద్ధంగా ఉండాలి.

డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి, ఒక ప్యాకెట్ వేసి 200 లీటర్లు చేసుకునే పద్ధతి గురించి అడుగుతుంటారు. బెల్లం నీళ్లలో ఏది ముందు దూరితే అది పెరుగుతుంది, మనం వేసినదే పెరిగిందన్న గ్యారంటీ లేదు. జీవామృతం డ్రమ్ములో కలపడం కూడా నాకు నచ్చదు, అక్కడ అప్పటికే కోట్ల రకాలు కొట్టుకుంటుంటాయి. జీవామృతం పోసుకునేవాళ్లు పోసుకోండి, దీన్ని విడిగా వేయండి.

విత్తే రోజు: గింజకు పట్టించడం

వేరుశనగ గింజ పొర కాగితం లాంటిది, తడి ఎక్కువైనా గట్టిగా రుద్దినా ఊడిపోతుంది, పొర ఊడిన గింజ మొలవదు, మొలిచినా ముందు కుళ్ళేది అదే. కాబట్టి చేతులతో పిసకొద్దు. నీడలో పట్టా పరిచి 10 కిలోల గింజలు పోయండి. 100 గ్రాముల పొడిని చల్లారిన పలుచటి గంజిలో జారుగా కలిపి గింజల మీద చిలకరించి, పట్టాకు నాలుగు మూలలు ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ దొర్లించండి. ప్రతి గింజకూ తెల్లగా పొర పట్టాలి, అడుగున ద్రవం మిగలకూడదు, మిగిలిందంటే గంజి ఎక్కువైందని, తర్వాతి విడతకు తగ్గించండి. గంజి వేడిగా ఉండకూడదని మళ్లీ చెప్పక్కర్లేదు కదా.

అరగంట నీడలో ఆరనిచ్చి అదే రోజు విత్తేయండి. రాత్రి పట్టించి తెల్లారి గొర్రు కట్టడం కంటే తెల్లవారుజామున లేచి పట్టించి వెంటనే విత్తడం మేలు.

వేరుపురుగు భయంతో ఇమిడాక్లోప్రిడ్ పట్టించేవాళ్లు, శిలీంధ్రనాశిని కూడా వాడేవాళ్లు ఉంటారు. వరస గుర్తుంచుకోండి: ముందు రసాయనాలు పట్టించి పూర్తిగా ఆరనివ్వాలి, అన్నిటికంటే ఆఖర్న, విత్తే ముందు బ్యాక్టీరియా. వేరు బుడిపెల్లో నత్రజని పట్టే రైజోబియం బ్యాక్టీరియా కూడా ఆఖర్నే, దాన్నీ సూడోమోనాస్‌నీ కలిపి పట్టించవచ్చు. పట్టించేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లవ్స్ ఉండాలి, పొడి కళ్లలో పడనివ్వొద్దు. జీవ మందు కదా ఏం కాదులే అనే ధీమా మంచిది కాదు.

30–40 రోజుల మధ్య రెండో విడత

కాండం కుళ్ళు విజృంభించేది చేను కమ్ముకున్నాక. మొక్కల మొదట్లోకి చేయి వెళ్లే వీలు ఉన్నప్పుడే రెండో విడత పడాలి. కిలో సూడోమోనాస్‌ని 50 కిలోల మాగిన ఎరువులో కలిపి, వాన పడ్డాకో తడి ఇచ్చాకో సాళ్ల వెంట మొదళ్ల దగ్గర చల్లండి. ఎరువు లేకపోతే లీటరు నీటికి 10 గ్రాములు కలిపి, స్ప్రేయర్ నాజిల్ తీసేసి మొదళ్లలో పోయండి. ఆకుల మీద కొడితే కాండం కుళ్ళుకు ఒరిగేదేమీ లేదు, శత్రువు ఉన్నది నేల మీద. పొడిలో ఉండే సుద్దలాంటి టాల్కు గొట్టాల్లో అడ్డం పడుతుంది కాబట్టి పల్చటి గుడ్డలో వడగట్టాలి, డ్రిప్‌లో ఇచ్చేవాళ్లైతే రెండుసార్లు వడగట్టాలి, లేదంటే ద్రవ రూపంలోది కొనండి. కలిపిన నీళ్లు ఆ పూటే అయిపోవాలి.

గుంటక తోలేటప్పుడు మట్టి మొదళ్ల మీదికి ఎగదోయకండి. మట్టి కింద కప్పబడిన ఆకులు కుళ్ళి అక్కడి నుంచే స్క్లెరోషియం మొదలవుతుంది. ఇది బ్యాక్టీరియాతో సంబంధం లేని మాటే కానీ దీన్ని పట్టించుకోకుండా ప్యాకెట్ల మీద ఆశ పెట్టుకోవడం, చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

కలపకూడనివి

కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం, కాపర్ హైడ్రాక్సైడ్, అంటే రాగి మందులన్నీ బ్యాక్టీరియాకు విషం. స్ట్రెప్టోసైక్లిన్, ప్లాంటోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఎలాగూ బ్యాక్టీరియాను చంపడానికే పుట్టాయి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు కూడా వద్దు, పంచాయతీ ట్యాంకు నీళ్లు పట్టుకునేవాళ్లు గమనించండి, బోరు నీళ్లైతే ఏ ఇబ్బందీ లేదు. ఇవి వాడాల్సే వస్తే ముందూ వెనకా వారం పది రోజుల ఎడం ఇవ్వండి. నిన్న కలుపు మందు కొట్టిన డ్రమ్ము, ట్యాంకు సబ్బుతో కడగకుండా ఇవాళ ఇందులో వాడొద్దు.

ట్రైకోడెర్మా, సూడోమోనాస్ రెండూ వేసుకోవచ్చా అంటే వేసుకోవచ్చు, కానీ ఒకే డ్రమ్ములో వద్దు. కొన్ని రకాల సూడోమోనాస్ ట్రైకోడెర్మాను కూడా అణచేస్తాయి, అదీ శిలీంధ్రమే కదా. దాన్ని ఎరువులో వేసి ముందు దున్నేయండి, దీన్ని గింజకు పట్టించండి.

వరి, మిరప వాళ్లకి

వరిలో అగ్గి తెగులుకు విత్తనం నానబెట్టే రోజే మొదలుపెట్టాలి. కిలో విత్తనానికి లీటరు నీరు, 10 గ్రాముల పొడి, 24 గంటలు నానబెట్టి, తర్వాత మండె కట్టి మొలకెత్తాక చల్లండి. నాట్ల రోజు పొలం మూల చిన్న మడి కట్టి, అంగుళం నీళ్లు నిలిపి కిలో పొడి కలిపి, నారు కట్టల వేర్లు అరగంట అందులో ఉంచి నాటితే ఎకరానికి సరిపోతుంది. అగ్గి తెగులుకు కాసుగామైసిన్ కొట్టే అలవాటుంటే గుర్తుంచుకోండి, అదీ యాంటీబయాటిక్కే. వరికి ఆకుల మీద పిచికారీ చేయవచ్చు, లీటరుకు 5 నుంచి 10 గ్రాములు, సాయంత్రం నాలుగున్నర దాటాకే.

మిరప నారుమడిలో నారుకుళ్ళు తెచ్చే పిథియం నీళ్లు నిలిస్తే రెచ్చిపోతుంది. ఎత్తుమడులు, పలుచగా విత్తడం ముందు, సూడోమోనాస్ తర్వాత. విత్తనానికి కిలోకి 10 గ్రాములు, నాటే ముందు లీటరుకు 10 గ్రాముల ద్రావణంలో వేర్లు అరగంట ముంచాలి. ప్రోట్రేలలో పెంచేవాళ్లు కొబ్బరిపొట్టులోనే కలిపేసుకోవచ్చు.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

చేనంతా వేసేసి, ఏడు బాగుంటే దీని వల్లే అనుకోవడం, బాగోకపోతే దీన్ని తిట్టడం, రెండూ అన్యాయమే. చేను మధ్యలో ఒక పది సాళ్లు ఏమీ పట్టించని విత్తనంతో విత్తి, అక్కడ ఎరువూ వేయకుండా వదిలేయండి, కర్రలు పాతి గుర్తు పెట్టండి. గట్టు పక్కన వదలొద్దు, అక్కడ నీడ, తేమ వేరుగా ఉంటాయి. 30వ రోజు, 60వ రోజు, పీకే ముందు, ఈ మూడుసార్లు అటు పది సాళ్లలో, ఇటు పది సాళ్లలో చచ్చిన మొక్కలు లెక్కపెట్టి ఫోన్లో రాసుకోండి. చచ్చిన ప్రతి మొక్కనూ చుట్టూ మట్టితో సహా సంచిలోకి ఎత్తి చేను బయట కాల్చేయండి, ఆవగింజలు రాలనివ్వకండి.

మొదటి ఏడే తేడా భారీగా ఉంటుందని నేను చెప్పను. ఆవగింజలు నిండిపోయిన నేలైతే ఎండాకాలంలో లోతు దుక్కి చేసి, ఒక ఏడు జొన్నో సజ్జో మొక్కజొన్నో వేయాల్సిందే. టమాటా, మిరప వేస్తే లాభం లేదు, స్క్లెరోషియం వాటినీ తింటుంది. ఆ జొన్న చేలో కూడా నేను విత్తనానికి సూడోమోనాస్ పట్టిస్తున్నాను. కిలోకి 10 గ్రాములే, ఎకరానికి జొన్న విత్తనం మూడు నాలుగు కిలోలకు మించదు, చిన్న ప్యాకెట్‌లో సగం కూడా ఖర్చు కాదు.